పోయొచ్చే గీతలు

"బాపమ్మా, పోతాన!"

గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ యమున అన్న ఆ ఒక్క మాటకు వంటింట్లో మొగిలమ్మ చేతిలోని గంటె ఆగిపోయింది. పోపులో ఆవాలు చిటపటలాడుతూనే ఉన్నాయి. ఆమె పొయ్యి కట్టేసి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఏమన్నవే?"

"డిపార్ట్‌మెంట్‌కు పోతాన అన్న. ఆలస్యమైతాంది."

"లోపలికి రా. కూసో. నీళ్ళు తాగు. తాగి, మంచిగ చెప్పి బయలెల్లు."

"ఇయ్యాల గాదు బాపమ్మా, నీకు దండం పెడ్త."

"ఇయ్యాలనే. రా."

సుబేదారిలోని ఆ ఇంటి చట్టం అది. గడప దాటేవాళ్ళు "పోతాన" అనకూడదు, "పోయొస్త" అనాలి. ఆ మర్యాద అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. మొగిలమ్మ దగ్గర మాత్రం అది మర్యాద కాదు, పంతం. గ్యాసు బండ తెచ్చే యాకయ్య కూడా "పోయొస్తనమ్మా" అని వీధికంతా వినబడేట్టు చెప్పి గానీ మెట్లు దిగడు. ఒకసారి మరిచిపోతే మలుపు దగ్గరి నుంచి బండితో సహా వెనక్కి పిలిపించి అనిపించుకున్నది.

దీని వెనక ఒక వానపొద్దు ఉంది. చాలా ఏళ్ళ కిందటి మాట. చౌరస్తాలో తాళ్ళు, నవారు అమ్మే తమ దుకాణానికి సరుకు తేవడానికి ఆమె భర్త కట్టయ్య నర్సంపేట బస్సుకు బయలుదేరాడు. కదులుతున్న బస్సు వెంట పరుగెత్తుతూ, "పోతాన మొగిలీ!" అని కేకేశాడు. దారిలో వాగు పొంగి బస్సును ఈడ్చుకుపోయింది. కొందరు దొరికారు. కట్టయ్య దొరకలేదు. ఆనాటి నుంచి ఎవరు గడప దాటినా మొగిలమ్మ ప్రాణం వీధి మలుపు దాకా వాళ్ళ వెంట పోయి, ఒంటరిగా తిరిగొచ్చేది. "పోయొస్త" అన్న మాట చెవిన పడితే ఆ ప్రాణానికి జర నెమ్మది. వస్తానని చెప్పినవాళ్ళు ఆమె లెక్కలో వచ్చినవాళ్ళే.

యమున ఆమె కొడుకు ఓంప్రకాశ్ బిడ్డ. కొడుకూ కోడలూ పగలంతా దుకాణంలోనే ఉంటారు. యూనివర్సిటీలో గణితంలో పరిశోధన చేస్తోంది. లెక్కలంటే దుకాణం లెక్కలే అనుకున్న మొగిలమ్మ, మనుమరాలు సూర్యుని మీద లెక్కలు చేస్తున్నదని తెలిసి మొదట్లో కంగారుపడింది. "అంత దూరం పోయి ఏం లెక్క చేస్తవే? కాలిపోవా?" అని అడిగింది. అప్పుడు యమున దుకాణం నుంచి ఒక నార తాడు తెచ్చి, రెండు కొసలూ పట్టుకొని పురి ఎక్కించి చూపించింది.

"సూర్యుని మీద నల్లటి మచ్చలుంటయి బాపమ్మా. ఆడ అయస్కాంతం బలంగ గుమిగూడి ఉంటది. ఒక మచ్చల నుంచి కనబడని గీతలు లేచి, వంగి, ఇంకో మచ్చలకు దిగుతయి. కొన్ని గీతలు గిట్ల పురెక్కి తాడు లెక్క మెలిపడ్తయి. దాని మీద ఇంకొన్ని గీతలు అడ్డంగ, మంచం మీద నవారు లెక్క బిగిసి ఉంటయి. నవారు గట్టిగున్నంత సేపు తాడు ఎంత మెసిలినా ఆడనే ఉంటది. నవారు వదులైందనుకో..."

చేతిలో తాడు ఒక కొస వదిలేసింది. అది చర్రుమని తిరిగి యమున మోచేతికి కొట్టింది.

"అబ్బా! గిట్లన్నట్టు. తాడు లేచి ఆకాశంలకు పోతది. పోతూ పోతూ సూర్యుని మీది మంటను కొంత మూటగట్టుకొని పోతది."

"కనబడని గీతలంటివి. మరి నీకెట్ల తెలుస్తది?"

"కింద, సూర్యుని ఒంటి మీద అయస్కాంతం ఎంతున్నదో దుర్భిణి కొలుస్తది. పైన కొలవరాదు. కింది కొలతలు పట్టుకొని పైన గీతలు ఎట్ల వంగుతయో సమీకరణాలతోని గీస్త. కంప్యూటర్ల ఒక పెట్టె అనుకో. ఆ పెట్టెల గీస్త."

పెట్టెలో గీతలు రెండు రకాలు. మచ్చ నుంచి లేచి తిరిగి సూర్యుని మీదకే దిగేవి కొన్ని. లేచి ఇక తిరిగి రానివి కొన్ని. వాటికి యమున తన ప్రోగ్రాంలో ఇంగ్లిష్ అక్షరాలతో తమ ఇంటి పేర్లే పెట్టుకుంది. ఒకటి "పోయొస్త", రెండోది "పోత". వాళ్ళ సార్ మల్లికార్జున్ ఆ పేర్లు చూసి నవ్వాడు గానీ మార్చమనలేదు. పోయొస్త గీతలే తాడును పట్టి ఉంచే నవారు. వాటిని లెక్కగట్టి, తాడు ఆగుతుందో ఎగిరిపోతుందో ముందే చెప్పడం యమున పని.

ఇప్పుడు ఆ పనికే గండం వచ్చింది. వేర్వేరు ఊళ్ళ పరిశోధకుల జట్లు కలిసి ఒక పరీక్ష పెట్టుకున్నాయి. అందరూ ఒకే మచ్చను తీసుకొని, తాడు పోతుందా పోదా అని ముందే చెప్పాలి. మొదటి మచ్చకు యమున లెక్క "పోదు" అన్నది. పోయింది. రెండోదానికీ "పోదు" అన్నది. అదీ పోయింది. ఇది ఆఖరి మచ్చ. నిన్న సాయంత్రం మళ్ళీ "పోదు" అనే వచ్చింది, సార్ జట్టు పేరు మీద అట్లాగే పంపేశాడు. మిగతా జట్లన్నీ "పోతది" అన్నాయి. ఈసారి కూడా తప్పితే ఈ పద్ధతి పక్కన పడేసి, పాత పద్ధతిలో మొదటి నుంచి మొదలుపెట్టాలని సార్ చెప్పేశాడు. చెప్పింది మార్చుకోవాలంటే ఈ మధ్యాహ్నం పన్నెండు దాకే గడువు. ఆ గుబులులోనే యమున నోటి నుంచి "పోతాన" జారింది.

ఇప్పుడు కుర్చీ అంచున కూర్చొని నీళ్ళు గటగటా తాగింది. గ్లాసు టక్కున కింద పెట్టింది.

"పోయొస్త అంటే అయిపాయెనా బాపమ్మా? అన్నంత మాత్రాన వచ్చినట్టేనా? మనిషి మలుపు తిరిగిండు. కనబడకుండ పోయిండు. మర్ల వచ్చిండో రాలేదో నువ్వు చూడనే లేదు. అయినా వచ్చిండనే రాసుకుంటవ్! ఇదేం లెక్క..."

అక్కడ ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది.

మొగిలమ్మకు భయమేసింది. "ఏమైందే? కండ్లు తిరుగుతానయా?"

"చూడకుండనే... వచ్చిండని రాసుకుంటవ్," యమున తన మాటను తానే ఎవరో చెబుతుంటే వింటున్నట్టు మళ్ళీ అన్నది. ఉన్నట్టుండి లేచి మొగిలమ్మ రెండు బుగ్గలూ పట్టుకుంది. "బాపమ్మా! నేను గూడ గట్లనే రాసిన! నేను గూడ!"

చెప్పులతోనే ఇంట్లోకి ఉరికింది. దేవుని గూడు ముందు నుంచే ఉరికింది.

"చెప్పులే! ఓ పిల్లా, చెప్పులు!"

కట్టయ్య గురించే అన్నట్టున్న ఆ మాటలు మొగిలమ్మ గుండెలో ఎక్కడో గుచ్చుకున్నాయి. కానీ పిల్ల ఉరుకు చూస్తుంటే నొచ్చుకోవడానికి తీరిక దొరకలేదు. పిల్ల విసిరేసిన చెప్పులు ఒక్కొక్కటీ ఏరుకుంటూ వెంట పోయింది.

యమున అప్పటికే ల్యాప్‌టాప్ తెరిచింది. ఆమె వేళ్ళు దడదడమని ఆడుతున్నాయి.

"చూడు. ప్రతి గీతకు పుట్టంగనే 'పోయొస్త' అని పేరు పెట్టిన. అది తిరిగి కిందికి దిగితే సరే. గని కొన్ని గీతలు లేసి లేసి నా పెట్టె కప్పు దాటి బయటికి పోతానయి. ఆడికెళ్ళి నాకు కనబడయి. కనబడని దాని పేరు మార్చాల్నా వద్దా? నేను మార్చలే! పోయొస్త అన్నది గద, వస్తదిలే అనుకున్న. అవన్నీ నవారు కింద లెక్కగట్టిన. లేని నవారు బాపమ్మా! అందుకే నా లెక్క ప్రతిసారి పోదు పోదు అంటాంది!"

"ఇంతకాలం ఎవ్వలు చూడలేదా?"

"ఎవలు చూస్తరు? పేరు మంచిగుండె గద. ఇంకో ఇంట్ల పుట్టినోళ్ళైతే మొదటి రోజే 'తెల్వది' అని రాద్దురు. మనింట్ల పుట్టిన, ఏం చేస్త?"

తిడుతున్నదో మెచ్చుకుంటున్నదో మొగిలమ్మకు అర్థం కాలేదు. కానీ పిల్ల కళ్ళు దీపాల్లా వెలుగుతున్నాయి. ఆమె మంచం పట్టె మీద కూర్చున్నది.

"మరి వచ్చిందో రాలేదో తెల్వనిదాన్ని ఏమని రాస్తవ్?"

"ఏమో అని రాస్త," అని యమున నవ్వింది. నిజంగానే అట్లాగే రాసింది. ఇప్పుడు పుట్టిన ప్రతి గీత పేరూ "ఏమో". దిగినట్టు కనబడితేనే పోయొస్త. "ఒక్క పేరు మారిస్తె సాలదు. పెట్టె పెద్దగ చెయ్యాలె. పక్కన సూర్యుని మీద ఏమున్నదో అది గూడ లోపలికి తేవాలె. అప్పుడు గని కప్పు దాటినయి ఏడికి పోయినయో తెల్వది."

డిపార్ట్‌మెంట్‌కు పోయే తీరిక లేదు. ఇంటి నుంచే అక్కడి పెద్ద కంప్యూటర్‌కు లెక్క అప్పజెప్పింది. పది దాటింది. లెక్క పూర్తయ్యేసరికి గడువు అంచుకు వచ్చేట్టుంది. తెర మీద ఒక సన్న పట్టీ మెల్లగా నిండుతోంది. మొగిలమ్మ దానివైపే చూస్తూ కూర్చుంది. వంటింట్లో చారు చల్లారిపోయింది.

అంతలో కరెంటు పోయింది.

"అయ్యో! పాయె! అంత పాయె!" మొగిలమ్మ లేచి నిలబడింది.

"ఫికర్ చెయ్యకు. లెక్క ఈడ లేదు, యూనివర్సిటీల నడుస్తాంది. మనకు నెట్టే లేదు." యమున ఫోన్ నెట్టుకు మారింది. పట్టీ మళ్ళీ కనబడింది. ఆగలేదు, నిండుతూనే ఉంది.

మేడ మెట్ల మీద చెప్పుల చప్పుడు. మొగిలమ్మ తమ్ముడు వెంకట్రాజం దిగి వచ్చాడు. పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరయి, మేడ మీద గదిలో ఉంటున్నాడు. డాబా మీద రెండు వెదురు కర్రల మధ్య రాగి తీగ కట్టి, లైసెన్సు తీసుకొని, తన రేడియోలో నాగ్‌పూర్, విజయవాడ, చెన్నై మనుషులతో రోజంతా ముచ్చట్లు పెడతాడు. ఆ రేడియోవాళ్ళు ముచ్చట ముగించేటప్పుడు "సెవెంటీ త్రీ" అంటారు. అది వాళ్ళ సెలవు మాట. మొగిలమ్మకు అది కూడా గిట్టదు. "డెబ్బై మూడేందిరా, పోయొస్త అంటె నోరు నొస్తదా?" అని ఎన్నోసార్లు తగాదా పడింది.

"అక్కా, కరెంటు పోయినా నా రేడియో నడుస్తాంది. బ్యాటరీ," అన్నాడు గర్వంగా. "ఏంది, అక్కా మనుమరాలు గట్ల కూసున్నరు? ఎవలకన్న బాగలేదా?"

"సూర్యుని తాడు తెగుతదట. దానికి నవారు లేదట," అన్నది మొగిలమ్మ.

"ఓహో. ఇగ సూర్యునికి గూడ మన దుకాణం సరుకే గావాల్నా?"

"నవ్వకు తాతా. నిజంగ పేలిందనుకో, నీ రేడియో మూగబోతది."

"నా రేడియోనా? వానలొచ్చినా గాలులొచ్చినా బెదరనిది, సూర్యునికి కోపమొస్తె దానికెందుకే జ్వరం?"

"మంటల నుంచి ఎక్స్ కిరణాలొచ్చి పై గాలి తీరే మారుస్తయి. నీ మాటలు ఆకాశానికి తగిలి మర్ల కిందికి వచ్చుడు ఆగిపోతది. ఆడనే ఇంకిపోతయి."

"సూద్దాం," అని వెంకట్రాజం మీసం దువ్వుకుంటూ మేడెక్కాడు.

పన్నెండుకు పావుగంట ఉండగా పట్టీ నిండింది. తెర మీద బొమ్మ మెల్లగా విచ్చుకుంది. కింద రెండు నల్ల మచ్చలు. వాటి మధ్య మెలిపడ్డ తాడు, పసుపు రంగులో. దాని మీద వంగి దిగే పోయొస్త గీతలు పచ్చగా కొన్ని. తర్వాత ఎర్ర గీతలు పడటం మొదలైంది. ఒకటి, ఇంకొకటి, గుంపుగా. పడమటివైపు మచ్చ మీద నుంచి లేచి, విడిపోయి, పెట్టె ఎంత పెద్దదైతే అంత దూరం పోయి, ఎక్కడా వంగలేదు.

యమున తెర మీదికి వంగింది.

"ఎర్రయి ఏందివే?" అని మొగిలమ్మ గుసగుసగా అడిగింది.

"పోత," అన్నది యమున. "అన్నీ పోత. పక్కనే సూర్యుని మీద, లేచిన గీతలు మర్ల దిగని ఖాళీ జాగ ఉంది, అందుట్ల కలిసిపోయినయి. సగం నవారు లేనే లేదు బాపమ్మా. తాడు పోతది. కచ్చితంగ పోతది!"

సార్‌కు ఫోన్ చేసింది. ఆయన కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ పోతున్నాడు. రైలు మోత, మనుషుల గోల, మధ్యలో సార్ గొంతు.

"సార్, తప్పు దొరికింది! పెట్టె దాటిన గీతలన్నీ వాపసు వచ్చినట్టు రాసిన. ఇప్పుడు పోతది అని వస్తాంది. మార్చాలె సార్, గడువు అయిపోతాంది!"

"ఇప్పుడా? రెండుసార్లు ఓడినంక, ఆఖరి పది నిమిషాలకా? అందరు 'పోతది' అన్నరని నువ్వు గూడ..."

"వాళ్ళను చూసి గాదు సార్! నా గీతలను చూసి! బొమ్మ పంపిన, చూడుండ్రి."

మాట తెగింది. మళ్ళీ కలిసింది. మళ్ళీ తెగింది. మొగిలమ్మ మనుమరాలి మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నది, పిల్ల ఎక్కడికైనా ఎగిరిపోతుందేమోనన్నట్టు. కాసేపటికి ఫోన్‌లో ఒక సందేశం వచ్చింది. యమున పైకి చదివింది.

"'బొమ్మ చూసిన. నాకు సగమే నమ్మకం. జట్టు పేరు మీద పాతదే ఉంటది. నీకు నమ్మకముంటే నీ పేరు మీద వేరుగ పంపు. తప్పితే నీ పేరే పోతది.'"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పేరు పోవడం అంటే మొగిలమ్మకు తెలుసు. ఊళ్ళో దుకాణం నడిపిన మనిషి. వద్దే బిడ్డా, ఊకో, అందామని నోటి దాకా వచ్చింది.

"నీకేమనిపిస్తాంది?" అని అడిగింది చివరికి.

"నాకు అనిపించుడు కాదు బాపమ్మా. కనబడ్తాంది."

"కనబడితే ఇంకేంది? రాయి మరి!"

యమున రాసింది. తన పూర్తి పేరుతో, మచ్చ సంఖ్యతో, కింద ఒకే వాక్యం. మీట నొక్కింది. గోడ మీది గడియారం ముళ్ళు రెండూ కలవబోతున్నాయి.

ఆ తర్వాత అన్నం తినమంటే ఇద్దరికీ సయించలేదు. యమున ఫోన్‌లో ఒక గ్రాఫ్ పెట్టుకొని కూర్చున్నది. సూర్యుని నుంచి వచ్చే ఎక్స్ కిరణాలను ఉపగ్రహం కొలుస్తుంటే ఆ గీత నడుస్తుంటుంది. గీత కింద కింద చప్పగా పాకుతోంది. గ్రహణం నాడు కొన్న నల్ల అద్దాలు పెట్టుకొని మొగిలమ్మ వాకిట్లోకి పోయి సూర్యుణ్ణి చూసింది. నారింజ బిళ్ళ మీద పడమటి వైపు ఒక పొక్కంత మచ్చ. ఇంకొన్ని రోజుల్లో అంచు దాటి అవతలికి పోతుందట. ఇంత చిన్న మచ్చను చూసి ఇంటిల్లిపాది ఆకలి మరిచిపోవడమా అని నవ్వొచ్చింది. ఆ వెంటనే, ఆ మచ్చను వదిలి లోపలికి రావాలంటే ప్రాణం ఒప్పలేదు.

పైనుంచి వెంకట్రాజం గొంతు వినబడుతోంది. నాగ్‌పూర్ మిత్రుడు హిందీలో సంత్రా బర్ఫీ ఎట్లా చేయాలో చెబుతున్నాడు. వెంకట్రాజం మధ్య మధ్యలో "హా, హా, చాశ్నీ కిత్నీ?" అని పాకం సంగతి అడుగుతున్నాడు.

అట్లా అడిగి ఆగాడు. మళ్ళీ అడిగాడు. "హలో? హలో, నాగ్‌పూర్?"

కుర్చీ జరిగిన చప్పుడు. డాబా మీద ఉరుకు. కాసేపటికి మెట్ల మీద దడదడ.

"అక్కా! పాకం కాడ ఆగిపాయె! తీగ తెగిందేమో అని పోయి చూసిన, మంచిగనే ఉంది. ఒక్కడు గూడ పలుకుత లేడు!"

యమున తలెత్తింది. "నాగ్‌పూరేనా? చెన్నై?"

"చెన్నై లేదు, విజయవాడ లేదు. గురగుర చప్పుడు గూడ సన్నగైపోయింది. చెవులు మూసినట్టున్నది!"

యమున ఫోన్ వైపు చూసింది. ఇంతసేపూ పాకిన గీత ఇప్పుడు గోడెక్కినట్టు నిట్టనిలువుగా లేస్తోంది.

"పేలింది!" ఆమె మంచం మీద నుంచి దూకింది. "పేలింది బాపమ్మా! చూడు, చూడు, ఇంకా ఎక్కుతాంది. ఎక్స్ తరగతి! దానికి మించిన తరగతే లేదు! తాతా, నీ రేడియో కన్నా పెద్ద సాక్షి ఎవలున్నరు?"

వెంకట్రాజం అన్నీ మరిచి ఆ పిల్లతో కలిసి గంతులేశాడు. "నా రేడియో ఓడిందే! ఓడిందే!" అని ఓడినందుకే చప్పట్లు కొట్టాడు.

మొగిలమ్మ యమున భుజం పట్టుకుంది. "అది మన దిక్కు వస్తదా?"

"మచ్చ పక్కకున్నది గద, వస్తే గిస్తే అంచు తగులుతది గంతే. మనుషులకేం గాదు." అంటూనే యమున మళ్ళీ కూలబడింది. ముఖంలో వెలుగు సగం తగ్గింది. "గని బాపమ్మా, నేను చెప్పింది పేలుతదని గాదు. పోతదని. ఒక్కోసారి పేలినా తాడు లేసి, నవారుకు తగిలి, మర్ల ఆడనే పడుతది. పోయిందో లేదో బొమ్మలొస్తే గని తెల్వది."

రైలు దిగినట్టున్నాడు, సార్ ఫోన్ చేశాడు. ఆయన గొంతు కూడా ఎగిరెగిరి పడుతోంది. "యమునా! చూసినవా?"

"చూసిన సార్. పోయిందా లేదా అన్నదే చూడాలె."

"పోకపోతే?"

"పోకపోతే మీ పాత పద్ధతే సార్. రేపే మొదలుపెడ్త."

బొమ్మలు రావడానికి చాలాసేపు పట్టింది. సూర్యుణ్ణి ఒక నల్ల బిళ్ళతో మూసి, చుట్టూ ఉన్న మసక వెలుగును మాత్రమే ఉపగ్రహం తీసే బొమ్మలు అవి. కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. ఎవరూ కదల్లేదు. మొదటి బొమ్మలో ఏమీ లేదు. నల్ల బిళ్ళ, చుట్టూ పల్చటి ఈకల్లాంటి వెలుగు.

మొగిలమ్మకు తన మీద తనకే ఆశ్చర్యమేసింది. జీవితమంతా రావాలె, రావాలె అని మొక్కుకున్న మనిషి, ఇప్పుడు లోలోపల, పో తల్లీ, వెనక్కి తిరగకు, పో అని మొక్కుతోంది.

రెండో బొమ్మలో నల్ల బిళ్ళ కుడిపక్కన చిన్న ఉబ్బు. యమున గోళ్ళు మొగిలమ్మ చేతిలో దిగాయి. మూడో బొమ్మ వచ్చింది. ఉబ్బు బుగ్గలా పొంగింది. లోపల మెలికలు మెలికలుగా ఒక వెలుగు తాడు. తర్వాతి బొమ్మకు అది అంచులు దాటి, తెర చివరి దాకా విచ్చుకొని, వెళ్ళిపోతూనే ఉంది.

"పోయింది!" అని అరిచింది మొగిలమ్మ.

యమున కన్నా ముందు అరిచింది. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ సంబరంగా పలకని మాట. అరిచి, వాకిట్లోకి ఉరికి, ఆకాశం వైపు చేతులెత్తి మళ్ళీ అరిచింది. "పోయిందే! తాడు పోయింది!"

ఎదురింటి సారలమ్మ చేట పట్టుకొని బయటికి పరుగెత్తుకొచ్చింది. "ఓ వదినా! తాడు పోయిందా? ఎవల పుస్తెలతాడు? కోడలిదా? బండి మీద వచ్చి గుంజుకపోయిండ్రా? ఎటు పోయిండ్రు?"

"మనది గాదే! సూర్యునిది!"

సారలమ్మ చేట జారింది. ఆమె మొగిలమ్మను పైనుంచి కిందికి చూసి, గుమ్మంలో పగలబడి నవ్వుతున్న వెంకట్రాజాన్ని చూసింది. "ఎండల తిరగకు వదినా. లోపల పండు జర," అన్నది మెల్లగా.

మొగిలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వు వల్లనే అనుకున్నది. గుమ్మం పక్కన గోడకు ఆనుకొని నిలబడి, ఎవరికీ వినబడకుండా, "నువ్వు గూడ పోయినవ్ లే," అన్నది. వానపొద్దున బస్సు వెంట ఉరికిన ఆ మనిషితో అన్నది. ఎన్నేళ్ళ నుంచో ఆయన పేరు ముందు "ఏమో" అని ఉంచుకున్నది. పెట్టె ఎంత పెద్దగా చేసినా ఆ గీత వంగదని ఆమెకు ఎప్పుడో తెలుసు. చెప్పుకోవడానికి మాట దొరకలేదు, అంతే.

లోపల సార్ ఫోన్. గొంతు వాకిట్లోకి కూడా వినబడుతోంది. "ఆ 'పోయొస్త' పద్ధతే ఉంచుదాం! ఇదే నీ థీసిస్! పాత రెండు మచ్చలకు గూడ 'ఏమో' పెట్టి మర్ల లెక్క చెయ్యి. ఇప్పుడే డిపార్ట్‌మెంట్‌కు పో, నేను అందరినీ ఫోన్ల కలుపుతాన. నువ్వే చెప్పాలె!"

యమున ల్యాప్‌టాప్ సంచిలో కుక్కి, దువ్వుకోని జుట్టుతోనే ఉరికొచ్చింది. మొగిలమ్మ ఏరి పెట్టిన చెప్పులు కుడిది ఎడమ కాలికి, ఎడమది కుడి కాలికి తొడిగి, మళ్ళీ మార్చుకుంది. గడప దాటబోతూ గుర్తొచ్చి ఆగింది. కుర్చీలో కూర్చోవడానికి వెనక్కి తిరగబోయింది.

"బాపమ్మా, పోయొస్త!"

మొగిలమ్మ ఆమె భుజం పట్టి వీధివైపు తిప్పింది.

"వచ్చినంక రాసుకుంట గని," అన్నది, "ముందు పో!"